ఛాతీ దెబ్బకు ఆపరేషన్ ఎప్పుడు? ఒక అంకె మీద నా అభ్యంతరం

మేము నెలనెలా జరుపుకునే మరణ సమీక్షలో ఈమధ్య ఒక కేసు చర్చకు వచ్చింది. ఛాతీకి కుడివైపు కత్తిపోటు తగిలిన మనిషి. ఆసుపత్రికి చేరగానే, ఛాతీలో చేరిన రక్తాన్ని, గాలిని బయటి సీసాలోకి తీసే ట్యూబు వేశారు, దాదాపు 900 మిల్లీలీటర్ల రక్తం వచ్చింది, బీపీ నిలబడింది, ఊపిరి తేలికపడింది. ఆ తర్వాత గంటకు 140, 150 చొప్పున రాత్రంతా వస్తూనే ఉంది. తెల్లవారుజామున థియేటర్‌కు తీసుకువెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఇంతసేపు ఎందుకు ఆగారని అడిగితే, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న యువ వైద్యుడు దాపరికం లేకుండా చెప్పాడు: "మొదట్లోనే 1500 రాలేదండి. ఆ తర్వాత ఏ గంటలోనూ 200 దాటలేదు."

అతడు చెప్పిన రెండు అంకెలూ ఛాతీ గాయాలు చూసే ప్రతి వైద్యుడికీ కంఠతా వచ్చినవే. ట్యూబు వేయగానే 1500 మిల్లీలీటర్లు వచ్చినా, లేదా వరుసగా రెండు నుంచి నాలుగు గంటలపాటు గంటకు 200 చొప్పున వచ్చినా ఛాతీ తెరవాలని మేమంతా చదువుకున్నాం, ఇప్పటికీ మా దగ్గర నేర్చుకునే పిల్లలకు అదే చెబుతున్నాం. అందుకే సమావేశంలో ఎవరూ అతణ్ణి తప్పుపట్టలేదు. నేను కేసు షీటు తెప్పించుకుని చూశాను. గంటగంటకూ వచ్చిన రక్తం ఒక నిలువు వరుసలో పొందికగా రాసి ఉంది, కింద కూడిక లేదు. కూడితే ఆరో గంటకే 1700 దాటింది. పక్క వరుసలో నాడి 96 నుంచి 104కి, 112కి, 124కి చేరింది. ఆ నాలుగు అంకెలు ఇద్దరి చేతిరాతలో ఉన్నాయి, ఎందుకంటే మధ్యలో డ్యూటీ మారింది. రెండో చేతిరాత మనిషికి 112 అనేది మొదటిసారి చూసిన అంకె. అంతకు ముందు 96 ఉండేదన్న సంగతి పేజీ మీద ఉంది గాని, మనిషి కళ్ళలో లేదు.

ఆ కాగితం చూశాక నాలో చాలాకాలంగా నలుగుతున్న అభిప్రాయం గట్టిపడింది. ఛాతీ తెరవాలా వద్దా అన్నది ఒక అంకె దాటిందా లేదా అన్న ప్రశ్నగా మనం మార్చేశాం. నిజానికి ఆ నిర్ణయం గంటల మీదుగా సాగే వరుసను చదవడం వల్ల వస్తుంది. ఆపరేషన్ చేయకూడదని నిర్ణయించినప్పుడు, ఏ మార్పు కనబడితే ఆ నిర్ణయం తిరగబడుతుందో, ఆ మార్పు కోసం ఎవరు ఎప్పుడు చూస్తారో అప్పటికప్పుడే రాసిపెట్టాలి. అలా రాయని నిరీక్షణను నేను వైద్యంగా లెక్కపెట్టను.

ఆ 1500 ఎక్కడిది?

ఈ అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. వియత్నాం యుద్ధంలో ఛాతీ గాయాలు తగిలిన సైనికుల మీద 1970లో వెలువడిన నివేదికలో, వెయ్యి నుంచి పదిహేను వందల మిల్లీలీటర్ల రక్తం పోయినవారిని త్వరగా థియేటర్‌కు తీసుకువెళితే మరణాలు తగ్గుతాయన్న పరిశీలన ఉంది. ఆ రోగులు ఎవరో ఒకసారి తలచుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న యువకులు, ఎక్కువగా తూటా, శకలాల గాయాలు. అలాంటి దేహంలో రక్తం సుమారు ఐదు లీటర్లు ఉంటుంది కాబట్టి 1500 అంటే మూడోవంతుకు కొంచెం తక్కువ. నలభై అయిదు కిలోల బరువున్న వృద్ధురాలి ఒంట్లో మొత్తం రక్తం మూడు లీటర్లు. ఆమె విషయంలో 1500 వచ్చేదాకా ఆగడమంటే సగం రక్తం పోయేదాకా ఆగడం. బీపీ తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడుతున్న మనిషికి రక్తం పోతున్నా నాడి పెరగకపోవచ్చు, రక్తం పలచబరిచే మందు వాడుతున్నవారికి చిన్న గాయం కూడా ఆగకపోవచ్చు. ఈ ముగ్గురినీ ఒకే గీతతో కొలుస్తున్నాం.

అమెరికాలోని పలు ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనం 2001లో వచ్చింది. ఛాతీ నుంచి పోయిన మొత్తం రక్తం పెరిగేకొద్దీ చనిపోయే అవకాశం కూడా పెరుగుతూ పోయింది. 500 మిల్లీలీటర్లు పోయినవారితో పోలిస్తే 1500 పోయినవారికి ఆ ప్రమాదం మూడింతలు. ఇరవై నాలుగు గంటల్లో మొత్తం 1500 దాటితే, గాయం కత్తిది అయినా మొద్దు దెబ్బ (వాహనం ఢీకొనడం, కిందపడటం వంటివాటితో, ఏదీ లోపలికి దిగకుండా తగిలే దెబ్బ) అయినా, ఛాతీ తెరవాలని ఆ అధ్యయనకర్తలు తేల్చారు. "మొత్తం" అన్న మాట దగ్గర నేను ఆగుతాను. ప్రమాదం వాలులా క్రమంగా ఎక్కుతోంది, 1499కీ 1501కీ మధ్య గోడ ఏదీ లేదు. పైగా, సీసాలోకి వచ్చిన రక్తం ఛాతీలో పోయిన రక్తంలో ఒక భాగం మాత్రమే. లోపల గడ్డకట్టి కూర్చున్నది సీసాలో కనబడదు.

ఎక్కువమందికి కత్తి ఎందుకు అక్కర్లేదు

ఇంత చెప్పాక నేను అందరికీ ఛాతీ తెరవాలంటున్నానని అనుకోవద్దు. ప్రమాద గాయాల శిక్షణకు ప్రపంచమంతా వాడే ఏటీఎల్ఎస్ పాఠ్యం ప్రకారం మొద్దు దెబ్బలు తగిలినవారిలో పది శాతం కంటే తక్కువమందికి, కత్తి, తూటా వంటివి దిగినవారిలో 15 నుంచి 30 శాతం మందికి మాత్రమే ఛాతీ ఆపరేషన్ అవసరమవుతుంది. మిగతావారికి ట్యూబు, ఆక్సిజన్, నొప్పి మందు, శ్వాస వ్యాయామం, కనిపెట్టుకుని ఉండే మనుషులు చాలు. దీనికి కారణం ఊపిరితిత్తి నిర్మాణంలోనే ఉంది. గుండె కుడిభాగం నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళే రక్తం మీద ఒత్తిడి దాదాపు 25 మాత్రమే, చేతికి కట్టి చూసే బీపీలో పై అంకె 120 ఉండేచోట. ఊపిరితిత్తి కణజాలం చిరిగి కారే రక్తం తక్కువ ఒత్తిడితో వస్తుంది. ట్యూబు ద్వారా గాలి, రక్తం బయటికి తీసి ఊపిరితిత్తిని మళ్ళీ విచ్చుకోనిస్తే, అది ఛాతీ గోడకు ఆనుకుని తన గాయాన్ని తానే అదిమిపెట్టుకుంటుంది.

పక్కటెముకల మధ్య నడిచే ధమని గాని, రొమ్ము ఎముక పక్కనే దిగే ధమని గాని తెగితే కథ వేరు. వాటిలో ఉండేది మొత్తం దేహపు ఒత్తిడి, ఊపిరితిత్తి ఎంత విచ్చుకున్నా అవి సులభంగా ఆగవు. అందుకే మొదట ఎంత వచ్చిందన్నదానికంటే తర్వాత ఎలా వస్తోందన్నది నాకు ఎక్కువ చెబుతుంది. మొదట 1200 వచ్చి, ఆ తర్వాత గంటకు 60, 30, 10గా సన్నగిల్లితే చాలా సందర్భాల్లో అది ఊపిరితిత్తి గాయం, తగ్గుతోంది. మొదట 500 మాత్రమే వచ్చి, తర్వాత ప్రతి గంటా 150 దగ్గరే నిలబడితే ఎక్కడో ఒక ధమని నోరు తెరుచుకుని ఉన్నట్టే భావించాలి. రెండో మనిషిని చూసి "200 దాటలేదు" అని కుదుటపడటం నాకు అర్థం కాదు.

సీసా దగ్గర నిలబడి చూసేవారికి కొన్ని విషయాలు తెలుస్తాయి. మా వార్డులో ఒక సీనియర్ సిస్టర్ సీసా పక్కన నిలువుగా తెల్లటి ప్లాస్టర్ అంటించి, గంటగంటకూ పెన్నుతో అడ్డగీత గీసి, గీత పక్కన సమయం రాసేవారు. గీతల మధ్య ఎడం తగ్గుతోందా లేదా అన్నది తలుపు దగ్గర నిలబడ్డవారికి కూడా కనబడేది. ఒక రాత్రి ఆమె నన్ను పిలిచి, "రెండు గంటలుగా ఒక్క చుక్క రాలేదు, గొట్టంలో నీళ్ళు కూడా ఊగడం లేదు" అన్నారు. జూనియర్ వైద్యుడు అదే విషయాన్ని "రక్తస్రావం ఆగింది" అని రాశాడు. రోగి ఊపిరి తీసినప్పుడల్లా గొట్టంలోని నీటిమట్టం పైకీ కిందికీ కదలాలి. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకున్నప్పుడు ఆ కదలిక ఆగుతుంది, గొట్టం గడ్డకట్టిన రక్తంతో మూసుకుపోయినా ఆగుతుంది. తేడా ఎక్స్-రే చెబుతుంది. ఆ రాత్రి తీసిన ఎక్స్-రేలో సగం ఛాతీ తెల్లగా నిండి ఉంది.

ఆగడానికి వీల్లేని గాయాలు

నా వాదనకు మొదటి అభ్యంతరం ఇక్కడే వస్తుంది. గంటల వరుస చదవాలంటే గంటలు ఉండాలి కదా, కొందరికి నిమిషాలే ఉంటాయి కదా అని. ఒప్పుకుంటాను. ఊపిరితిత్తి చుట్టూ గాలి ఒత్తిడితో నిండి గుండెకు రక్తం చేరనివ్వకపోతే ఎక్స్-రే కోసం కూడా ఆగకూడదు. మెడ నరాలు ఉబ్బడం, ఒకవైపు శబ్దం లేకపోవడం, బీపీ పడిపోవడం చూసి వెంటనే సూదితోనో వేలితోనో గాలి వదలాలి. అయితే ఇది ఛాతీ తెరిచే ఆపరేషన్ కాదన్నది గమనించాలి. అత్యంత తొందరైన ఛాతీ చికిత్స చాలాసార్లు మంచం పక్కనే, కొద్దిపాటి పనిముట్లతో ముగుస్తుంది.

గుండెకు పొడిచిన గాయం వంటివాటితో నాడి ఆగిపోతున్నవారికి క్యాజువాలిటీలోనే ఛాతీ తెరవడం మరో సందర్భం. ఇరవై అయిదేళ్ళ నివేదికలను కలిపి 2000లో వేసిన లెక్కలో ఇలా తెరిచిన 4620 మందిలో 7.4 శాతం బతికారు. కత్తిపోట్లలో 16.8 శాతం, తూటా గాయాల్లో 4.3 శాతం, మొద్దు దెబ్బల్లో 1.4 శాతం. ఒకే కోత, ఒకే చేతులు, గాయం తీరును బట్టి ఫలితం పన్నెండు రెట్లు మారింది. కత్తిపోటు తగిలి కళ్ళ ముందే నాడి జారిపోతున్న మనిషికి తెరవకపోవడం అన్యాయం. వాహన ప్రమాదంలో నలిగి, దారిలో చాలాసేపు గుండె ఆగి వచ్చిన మనిషికి తెరవడం వల్ల దాదాపు ఎవరికీ మేలు జరగదు. ఇక్కడ కూడా అడగవలసింది "ఎంత పెద్ద గాయం" అని కాదు, "ఎలా తగిలింది, ఎప్పటి నుంచి ఇలా ఉంది" అని.

గుండె గాయానికి మొట్టమొదట విజయవంతంగా కుట్లు వేసిన కేసు గురించి తలచుకున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. 1896 సెప్టెంబరు 7న ఫ్రాంక్‌ఫర్ట్‌లో కత్తిపోటు తగిలిన 22 ఏళ్ళ యువకుడు ఆసుపత్రికి వచ్చాడు. సర్జన్ లుడ్విగ్ రేన్ అతడి గుండెకు కుట్లు వేసింది 9వ తేదీన. మధ్యలో అతడి పరిస్థితి క్షీణిస్తూ వచ్చింది, ఛాతీలో రక్తం పెరుగుతూ వచ్చింది. గుండెను ముట్టుకోవడమే సాహసమైన ఆ రోజుల్లో రేన్ చేత ఛాతీ తెరిపించింది ఆ క్షీణతే. కుడి జఠరిక (గుండె కింది గది) మీద ఒకటిన్నర సెంటీమీటర్ల గాయానికి మూడు పట్టుదారపు కుట్లు వేశాడు, రోగి బతికాడు. స్కానులు లేవు, అంకెలు లేవు, వరుసగా చూసిన చూపు మాత్రం ఉంది.

గుండె చుట్టూ ఉండే సంచిలో రక్తం కనబడితే రొమ్ము ఎముక చీల్చి చూడాల్సిందేనన్న నియమం చాలాకాలం ప్రశ్నించరానిదిగా ఉండేది. కేప్‌టౌన్‌లోని గ్రూట్ షూర్ ఆసుపత్రి వైద్యులు దాన్ని ప్రశ్నించారు. పొడిచిన గాయం తర్వాత ఆ సంచిలో రక్తం ఉన్నా పరిస్థితి నిలకడగా ఉన్న 111 మందిని రెండు వర్గాలుగా విభజించి, కొందరికి రొమ్ము ఎముక చీల్చి చూశారు, మిగతావారికి చిన్న కోతతో రక్తం తీసి కడిగి, కనిపెట్టుకుని ఉన్నారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం ఎముక చీల్చి చూసిన 55 మందిలో 51 మందికి గుండె గాయమే లేదు, లేదా పైపైన గీసుకుపోయిన గాయం మాత్రమే ఉంది. అంటే ఆ 51 మందికీ పెద్ద ఆపరేషన్ వల్ల దక్కింది ఒక పెద్ద మచ్చ. ఈ అధ్యయనాన్ని బీపీ నిలబడని మనిషికి వర్తింపజేస్తే ప్రాణం తీసినవాళ్ళమవుతాం. అందులోకి నిలకడగా ఉన్నవారినే తీసుకున్నారు. నిలకడ అన్నది మాత్రం ఒక్కసారి చూసి చెప్పగలిగే లక్షణం కాదు.

ఆగితే మేలైన చోట

దేహంలో అన్నిటికంటే పెద్ద ధమని చిరిగినప్పుడు ఆగవచ్చని పాతికేళ్ళ కిందట ఎవరైనా అంటే నమ్మేవాళ్ళం కాదు. ఢీకొన్న వేగానికి బృహద్ధమని చిరిగినవారిలో ఎనభై శాతానికి పైగా ఆసుపత్రికి చేరకుండానే చనిపోతారని 1958 నాటి శవపరీక్షల అధ్యయనం చెప్పింది. చేరిన కొద్దిమందినైనా కాపాడాలంటే గంటల్లో ఛాతీ తెరిచి కుట్టాలన్న ఆత్రం అక్కడి నుంచి పుట్టింది. అమెరికా ట్రామా సర్జన్ల సంఘం 1997లో ఒకసారి, 2007లో మరోసారి ఇలాంటి రోగుల వివరాలు సేకరించింది. మొదటి అధ్యయనంలో గాయానికీ మరమ్మతుకూ మధ్య సగటు వ్యవధి 16.5 గంటలు, రెండోదానిలో 54.6 గంటలు. మరణాలు 22 శాతం నుంచి 13 శాతానికి, కాళ్ళు చచ్చుబడటం 8.7 నుంచి 1.6 శాతానికి తగ్గాయి. ఇందులో తొడ దగ్గరి రక్తనాళం గుండా పంపే స్టెంటు పాత్ర చాలా పెద్దది, ఆ మేలు అంతా ఆగడం వల్లే వచ్చిందనడం సరికాదు. కానీ ఆగిన ఆ గంటల్లో జరిగిన పని చిన్నది కాదు. నాడి, బీపీ మందులతో అదుపులో పెట్టారు, తలలోని రక్తస్రావాన్ని, పొట్టలోని రక్తస్రావాన్ని ముందు సరిచేశారు. ధమని లోపలి పొర మాత్రమే కొద్దిగా చిరిగిన గాయాలకు నేడు మందులు, మళ్ళీ తీసే స్కాను సరిపోతున్నాయి.

కొన్ని గాయాల విషయంలో ఆగడానికి తావు తక్కువ, వాటి గురించి ఎక్కువ చెప్పను. పెద్ద శ్వాసనాళం తెగితే ట్యూబు సీసాలో బుడగలు ఆగవు, ఊపిరితిత్తి విచ్చుకోదు. అన్నవాహిక చిల్లు పడితే ఇరవై నాలుగు గంటలు దాటేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఈ రెండింటినీ అనుమానించడమే కష్టం, అనుమానించాక నిర్ణయం కష్టం కాదు.

పక్కటెముకలు: నాకు తేలని చోటు

పక్కటెముకల విషయంలో నేను ఇంకా ఊగిసలాడుతూనే ఉన్నాను. పక్కపక్కనున్న మూడు లేదా అంతకంటే ఎక్కువ ఎముకలు రెండేసి చోట్ల విరిగితే ఆ ముక్క ఛాతీ గోడ నుంచి విడివడి, ఊపిరి తీసినప్పుడు లోపలికీ వదిలినప్పుడు బయటికీ కదులుతుంది. 1950ల మధ్య నుంచి ఇలాంటి ప్రతి ఒక్కరినీ వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉంచేవారు, గాలి ఒత్తిడే లోపలి నుంచి ఎముకలను నిలబెడుతుందన్న నమ్మకంతో. 1975లో వచ్చిన ఒక అధ్యయనం, అసలు సమస్య కదిలే ఎముక కంటే దాని కింద కమిలిన ఊపిరితిత్తి, నొప్పి అని వాదించి, చాలామందికి వెంటిలేటర్ లేకుండానే వైద్యం చేసి చూపించింది. ఆ తర్వాత విరిగిన ఎముకలను బిగించే లోహపు పలకలు వచ్చాయి. 2002లో జపాన్ నుంచి వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఎముకలు బిగించినవారు వెంటిలేటర్ నుంచి త్వరగా బయటపడ్డారు. 2022లో కెనడా, అమెరికా ఆసుపత్రులు 207 మందితో చేసిన పెద్ద అధ్యయనంలో, వెంటిలేటర్ లేకుండా గడిచిన రోజుల్లో మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అప్పటికే వెంటిలేటర్ మీద ఉన్నవారికి కొంత మేలు కనబడింది. అదే అధ్యయనంలో ఆపరేషన్ అయినవారిలో ఆసుపత్రిలో ఎవరూ చనిపోలేదు, కానివారిలో ఆరుగురు చనిపోయారు. ఈ ఆరుగురిని పక్కన పెట్టి మాట్లాడటం నాకు ఇష్టం లేదు, వారి మీదే నియమం కట్టడానికీ నాకు ధైర్యం చాలదు.

అనుమానం తీరనప్పుడు నేను స్కాను బొమ్మ కంటే రోగి దగ్గును నమ్ముతాను. జారిపడి నాలుగు పక్కటెముకలు విరిగిన ఒక పెద్దావిడను రౌండ్లలో చూశాను. స్కానులో ఎముకలు పెద్దగా పక్కకు జరగలేదు, "చిన్న గాయమే, ఇంటికి పంపవచ్చు" అని షీటులో ఉంది. "ఒకసారి దగ్గమ్మా" అన్నాను. ఆవిడ మర్యాదగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కొద్దిగా ఎత్తి, "దగ్గాను నాయనా" అన్నారు. శబ్దం లేదు. కఫం బయటికి తెచ్చే బలం ఆ దగ్గులో లేదు. అరవై అయిదేళ్ళు దాటినవారిలో విరిగిన ఒక్కో పక్కటెముకకు మరణం 19 శాతం, న్యుమోనియా 27 శాతం చొప్పున పెరుగుతాయని 2000లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆవిడకు వెన్ను దగ్గర నరాలకు మత్తు ఇచ్చాం. మర్నాడు వచ్చిన దగ్గు పక్క మంచం దాకా వినిపించింది, ఎముకలు బిగించవలసిన అవసరం రాలేదు. నొప్పి పూర్తిగా తగ్గించాక కూడా ఆ దగ్గు రాకపోయి ఉంటే, మొదటి రెండు మూడు రోజుల్లోనే పలకలు బిగించమని నేనే అడిగేవాణ్ణి. వారం తర్వాత న్యుమోనియా పట్టాక బిగించడం వల్ల దక్కేది తక్కువ.

రాత్రి రెండు గంటలకు అంకె కావాలి కదా?

నా మాటలు విన్న ఒక సహచరుడు గట్టిగానే ఎదురు చెప్పారు: "మీకు ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉంది, వరుస చదువుతారు. రాత్రి రెండు గంటలకు ఒంటరిగా ఉన్న పిల్లవాడికి అంకె కావాలి. అంకె లేకపోతే వాడు ఇంకా ఎక్కువసేపు ఆగుతాడు." ఇది బలమైన మాట. గీత ఉండటం వల్లే ఎందరో బతికారు. గీత లేనిచోట "ఇంకో గంట చూద్దాం" అనే ఆశకు అంతుండదు. పెద్ద సర్జన్‌ను నిద్రలేపడానికి జంకే యువ వైద్యుడికి 1500 అన్న అంకె ఒక ఆయుధం, దాన్ని లాక్కోవాలన్న ఉద్దేశం నాకు లేదు.

కాకపోతే ఆ అంకెకు మనం నేర్పిన తర్కం సగమే. దాటితే తెరవాలి అన్నది నిజం. దాటకపోతే తెరవనక్కర్లేదు అన్నది ఎవరూ చెప్పలేదు, మనమే కలుపుకున్నాం. అందుచేత నేను జూనియర్లను అడిగేది ఒక్కటే. ట్యూబు వేసి ఆగాలని నిర్ణయించిన క్షణంలో కేసు షీటులో కొన్ని వాక్యాలు రాయమంటాను. ఈ మనిషి బరువుకు ఎంత రక్తం పోతే ఆందోళన పడాలో, మొత్తం ఎంతకు చేరితే నన్ను లేపాలో, నాడి ఎంతకు ఎక్కితే లేదా రక్తం ఎక్కించినా బీపీ ఎంతకు జారితే థియేటర్‌కు ఫోన్ చేయాలో, తర్వాతి ఎక్స్-రే ఏ గంటకో, డ్యూటీ మారేటప్పుడు ఎవరు ఎవరికి మంచం పక్కన నిలబడి అప్పగిస్తారో. ప్రతి గంట అంకె కిందా మొత్తం కూడి రాయమంటాను. అనుభవం లేనివారికే ఇది ఎక్కువ అవసరం, ఎందుకంటే అలసిన మెదడు రాత్రి రెండు గంటలకు కొత్తగా తర్కించలేదు, సాయంత్రం రాసిపెట్టినదాన్ని అమలు చేయగలదు.

ఆగడానికి కూడా వసతి కావాలన్నది నా సహచరుడు చెప్పని, నన్ను ఎక్కువగా వేధించే అభ్యంతరం. గంటగంటకూ చూసే నర్సు, అందుబాటులో రక్తం, పిలిస్తే వచ్చే సర్జన్, తెరిచి ఉండే థియేటర్ లేనిచోట "కనిపెట్టుకుని ఉందాం" అన్న మాటకు అర్థం లేదు. అలాంటి చోట గీతను బాగా కిందికి దించాలి. ట్యూబు వేసి, రక్తం కొంచెం తగ్గగానే, మనిషి ఇంకా ప్రయాణం తట్టుకోగలిగిన స్థితిలో ఉండగానే పెద్ద ఆసుపత్రికి పంపాలి. అదే గాయం, అదే 600 మిల్లీలీటర్లు, రెండు చోట్ల రెండు నిర్ణయాలు. ఇందులో అసంగతం ఏమీ లేదు.

రోగి బంధువులు అడిగే ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. "ఇంత దెబ్బ తగిలితే ఆపరేషన్ చేయకుండా గొట్టం వేసి ఊరుకున్నారేమిటి?" అని తండ్రులు, భార్యలు, అన్నదమ్ములు నన్ను నిలదీశారు. వాళ్ళ కోపం న్యాయమైనదే, ఎందుకంటే బయటి నుంచి చూస్తే ఆగడానికీ పట్టించుకోకపోవడానికీ తేడా కనబడదు. షీటులో రాసినదే వాళ్ళకూ చెబుతాను. "ఇప్పుడు గంటకు ఇంత వస్తోంది, తగ్గాలి, రెండు గంటల్లో తగ్గకపోతే లోపలికి తీసుకువెళతాం" అంటే చాలామంది కుదుటపడతారు. కొందరు మా కంటే శ్రద్ధగా సీసా చూస్తారు. ఒక భార్య గీతలు లెక్కపెట్టి, నేను వార్డులోకి అడుగుపెట్టకముందే ఎదురొచ్చి చెప్పింది.

మూడో రోజు తర్వాత

రక్తం ఆగాక కూడా నిర్ణయం ముగియదు, మేము తరచూ చూపు తిప్పుకునేది అప్పుడే. లోపల మిగిలిపోయిన గడ్డ మొదటి రోజుల్లో మెత్తగా ఉండి, కెమెరాతో చిన్న రంధ్రాల గుండా చేసే వాట్స్‌తో సులువుగా వస్తుంది. మూడు నుంచి ఏడు రోజుల్లోపు చేస్తే మేలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంతకు మించి ఆగితే అది ఊపిరితిత్తి మీద తొక్కలా పేరుకుంటుంది, చీము పడుతుంది. ఇలా రక్తం మిగిలిపోయినవారి మీద 2012లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో నాలుగోవంతు కంటే ఎక్కువమందికి చీము పట్టింది. అప్పుడు చేయవలసిన పెద్ద కోత, మూడో రోజు చేసి ఉంటే తప్పేది. ఎక్స్-రేలో కింద కొంచెం తెలుపు కనబడితే "నెమ్మదిగా పోతుందిలే" అని రెండో ట్యూబు వేసి సరిపెట్టడం నాకు నచ్చదు. సీటీ తీసి, లోపల ఎంత ఉందో చూసి, మొదటి వారంలోనే తేల్చుకోవాలి. తొలి రాత్రి ఆగమన్న నేనే మూడో రోజున తొందరపడమంటున్నాను, ఎందుకంటే ఇప్పుడు రోజులు గడిచేకొద్దీ పని కష్టమవుతుందే గాని సులువు కాదు.

ఎడమవైపు, రొమ్ముకు దిగువన కత్తిపోటు తగిలినవారి గురించి మరో మాట. అక్కడ పొట్టకూ ఛాతీకీ మధ్యనున్న డయాఫ్రమ్ చిన్నగా తెగినా మొదటి స్కానులో కనబడకపోవచ్చు, నొప్పి లేకపోవచ్చు, ట్యూబు తీసేసి హాయిగా ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ చిల్లు తనంతట తాను మూసుకోదు. నెలల తర్వాతో ఏళ్ళ తర్వాతో కడుపో పేగో అందులోంచి ఛాతీలోకి జారి ఇరుక్కుంటుంది. అందుకే అలాంటివారికి పరిస్థితి కుదుటపడ్డాక కెమెరాతో ఒకసారి లోపలికి చూడటం మంచిదని నా అభిప్రాయం. ఏ కారణం చేతనైనా చూడలేకపోతే, గాయం ఎక్కడ తగిలిందో, ఎప్పుడైనా తిన్న వెంటనే ఆయాసమో, వాంతులతో ఎడమవైపు నొప్పో వస్తే ఈ కాగితం చూపించి స్కాను తీయించుకోవాలనీ డిశ్చార్జి కాగితం మీద స్పష్టంగా, రోగి చదవగల భాషలో రాసి ఇవ్వాలి.